పైనుంచి చూడు

పడుకోబెట్టిన ట్యాంకులో సరుకు ఎంతుందో చెప్పడం చూసినంత సులువు కాదు. నిలువు ట్యాంకైతే ఎత్తు సగమైతే సరుకు సగం, పావైతే పావు. పడుకున్న ట్యాంకు అలా దొరకదు. అడుగున ఇరుకు, నడుమ వెడల్పు, పైకి పోయేకొద్దీ మళ్లీ ఇరుకు. రెండు మీటర్ల వ్యాసమున్న ఇరవై వేల లీటర్ల ట్యాంకులో అడుగున సెంటీమీటరు తడి అంటే పన్నెండు లీటర్లు. నడుమ అదే సెంటీమీటరు నూట ఇరవై ఏడు లీటర్లు. ఈ తేడా తెలిసి, ట్యాంకు ట్యాంకుకూ చార్టు రాసివ్వగలిగిన మనిషి జీడిమెట్ల షెడ్లలో ఒకడుండేవాడు. అతని పేరు ఇస్తారి.

ఇస్తారిది శామీర్‌పేట అవతల చిన్న ఊరు. తండ్రి రాళ్లు కొట్టేవాడు. ఏడో తరగతితో బడి మానేసి, పదహారేళ్లకు జీడిమెట్లలో ట్యాంకులు చేసే షెడ్డుకు వచ్చాడు. రేకులు మోశాడు, గ్రైండింగు చేశాడు, వెల్డింగు నేర్చాడు. అక్కడి ఫోర్‌మన్ వీరభద్రం దగ్గర అట్ట ఊడిపోయిన ఇంగ్లిషు పుస్తకం ఒకటుండేది. అందులో ఒక పేజీ నిండా అంకెలు. గుండ్రాన్ని అడ్డంగా ఎంత ఎత్తున కోస్తే కింద ఎంత భాగం వస్తుందో ఆ పట్టిక చెప్పేది.

"పుస్తకం ఇయ్య. కావాలంటే రాసుకో," అన్నాడు వీరభద్రం.

నాలుగు రోజులు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, లాంగ్ నోట్‌బుక్కులోకి యాభై వరుసలు ఎక్కించాడు ఇస్తారి. వ్యాసంలో నూరో వంతు ఎత్తు నుంచి సగం దాకా. అంతటితో పట్టిక అయిపోయింది.

"తాతా, మిగతా సగమేదే?"

"ఏం జేస్తవ్ మిగతా సగంతోని? గుండ్రానికి కింద సగమెట్లనో మీద సగమట్లనే. సగం దాటితే పైనుంచి జూడు. వచ్చేది ఖాళీ."

నోట్‌బుక్కు చివర ఇస్తారి ఒక వాక్యం రాసుకున్నాడు: సగం దాటితే పైనుంచి చూడు. వచ్చేది ఖాళీ అన్న మాట రాసుకోలేదు. అది తెలిసిన సంగతే కదా అనుకున్నాడు.

రాసుకున్నంత మాత్రాన నమ్మే రకం కాదు. ఇరవై వేల లీటర్ల కొత్త ట్యాంకు ఒకటి తయారయ్యాక యజమానిని బతిమాలి, రెండు వందల లీటర్ల డ్రమ్ముతో నీళ్లు పోసి చూశాడు. రెండు రోజులు పట్టింది. పోసిన ప్రతి డ్రమ్ముకూ రాడ్డు దించి తడి గుర్తు పెట్టాడు. తోటివాళ్లు నవ్వారు. "ఏందిర ఇస్తారి, ట్యాంకుకు తానం జేపిస్తున్నవా?" నీళ్లు, పట్టిక ఒకే మాట చెప్పాయి, ఒక్క చోట తప్ప. ముప్పై ఏడో వరుస దగ్గర నీళ్లు ముప్పై ఆరు లీటర్లు ఎక్కువ చూపించాయి. డ్రమ్ములో ఏదో లోటుందని సరిపెట్టుకున్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే పని. జీడిమెట్ల, గండిమైసమ్మ, మేడ్చల్ చుట్టుపక్కల చిన్న చిన్న మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు అతన్ని పిలిచేవి. చార్టు రాసి, లామినేషన్ చేయించి, ట్యాంకు పక్కన గోడకు కట్టి వచ్చేవాడు. అవన్నీ సగానికే ఉండేవి. కింద అదే వాక్యం. రాడ్డు పట్టే పాత కూలీలందరికీ సంగతి తెలుసు. సగం దాటితే పైనుంచి కొలిచేవాళ్లు, వచ్చిన అంకెను మొత్తంలోంచి తీసేసేవాళ్లు.

హేమచంద్ వచ్చింది రెండేళ్ల కింద. గుడివాడ వైపు కుటుంబం, మేడ్చల్‌లో కొత్తగా వేసిన కాలనీలో ఉంటారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంట్లోంచే. ఖాళీ దొరికినప్పుడు చిన్న కంపెనీలకు సరుకు లెక్కల ప్రోగ్రాములు రాసి ఇస్తుంటాడు. ఎవరో చెబితే నోట్‌బుక్కు వెతుక్కుంటూ ఇస్తారి ఇంటికి వచ్చాడు.

"ఇస్తారి గారూ, ఈ పుస్తకాన్ని మ్యూజియంలో పెట్టాలండీ. ముట్టుకుంటే పేజీ చేతికొచ్చేట్టుంది."

"మెల్లగ వట్టు సార్. మా ఇంటామెనన్న ఇడ్సిపెట్టిన గని దాన్ని ఇడ్వలే."

వంటింట్లోంచి అతని భార్య సాలమ్మ వినిపించేలా అంది: "ఇగో, సారుకు గూడ తెల్సిపోయె నా బతుకు."

ఆ రోజు హేమచంద్ ఫోనులో ఒక వెబ్‌సైటు చూపించాడు. గణితంలో ఎన్ని ఫంక్షన్లున్నాయో అన్నిటికీ తలా ఒక పేజీ. సూత్రం, గీత, పట్టిక, ఏ విలువకు ఎంత వస్తుందో కొడితే చెప్పే చిన్న గడి. "ఇదివరకు ఇంత లావు పుస్తకాలుండేవండీ. ఇప్పుడు అవన్నీ ఇందులోకి వచ్చేశాయి. మీ పట్టిక వెనకున్నది కాస్ ఇన్వర్స్. ఇదిగో, ఈ పేజీ."

గడిలో సున్నా పాయింటు ఆరు కొట్టాడు. దశాంశం తర్వాత పదిహేను అంకెలు వచ్చాయి. ఇస్తారి ఆ వరుసను చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్లుగా తను నాలుగు అంకెలతో బతికాడు.

ఆ పేజీని వదల్లేదు. కోణం ఏమిటి, రేడియన్ ఏమిటి అని ఆదివారం ఆదివారం హేమచంద్‌ను అడిగి తెలుసుకున్నాడు. డిగ్రీల్లో కొట్టి, తప్పు వచ్చి, మళ్లీ కొట్టి, యాభై వరుసలూ తనే ఆ సూత్రంతో కట్టి చూశాడు. ముప్పై ఏడో వరుసలో దొరికింది. 3364 ఉండాల్సిన చోట 3346 రాసుకున్నాడు. ఇరవై వేల లీటర్ల ట్యాంకులో ఆ తేడా సరిగ్గా ముప్పై ఆరు లీటర్లు. ఆనాటి డ్రమ్ములో లోటేమీ లేదు. నీళ్లు నిజం చెప్పాయి.

"గిన్నొద్దులు నీళ్లను అనుమానపడ్డ సార్," అన్నాడు. అతని మొహం చిన్నపిల్లాడిలా వెలిగింది. బతుకులో చదువు తన వైపు తిరిగి చూసిన రోజు అదొక్కటే అని సాలమ్మ తర్వాత చెప్పేది.

హేమచంద్ యాప్ రాశాడు. సూత్రం పెట్టి రాస్తే గోల ఉండేది కాదు. కానీ ఆడిట్‌లో గోడ మీది చార్టుకీ ఫోనుకీ లీటరు తేడా వచ్చినా ప్రశ్నలు వస్తాయని కంపెనీలవాళ్లు పట్టుబట్టారు. ఇస్తారి పట్టికనే ఎక్కించమన్నారు. హేమచంద్ యాభై వరుసలూ ఎక్కించాడు. కింది వాక్యం చదివాడు: సగం దాటితే పైనుంచి చూడు. రాడ్డు మీది అంకె సగం దాటితే దాన్ని మొత్తం ఎత్తులోంచి తీసేసి, మిగిలిన దానికి పట్టికలో చూడమని ప్రోగ్రాముకు చెప్పాడు. వాక్యంలో ఉన్నది అంతే.

షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఇస్తారి దాన్ని పరీక్ష చేశాడు. నలభై సెంటీమీటర్లు కొట్టాడు, 2848 లీటర్లు. నోట్‌బుక్కుతో సరిపోయింది. నూరు కొట్టాడు, పదివేలు. నూట అరవై కొట్టాడు. 2848. ముప్పై ఏళ్ల అలవాటు అతని కంట్లో కూర్చుని ఉంది. సగం దాటితే వచ్చేది ఖాళీ. ఇరవై వేల ట్యాంకులో నూట అరవై దగ్గర ఖాళీ 2848, అక్షరాలా నిజం. అంకె కింద లీటర్లు అని మాత్రమే ఉంది. సరుకో ఖాళీయో లేదు.

"కరెక్టుంది సార్."

"మరోసారి చూడండి."

"ఎన్నిసార్లు జూస్త? నా లెక్కనే గద."

తనిఖీ చేసినవారు అన్న చోట సంతకం పెట్టాడు. తొమ్మిది కంపెనీల్లో గోడ మీది చార్టులు దించి, ఫోను చేతికిచ్చారు.

మూడు వారాలు ఏమీ కాలేదు. ఏ కంపెనీలోనూ ట్యాంకు సగం దాటి ఉండగా కొలవాల్సిన పని పడలేదు. సరుకు అడుగంటాకే తెప్పించుకోవడం వాళ్ల అలవాటు. గండిమైసమ్మ దగ్గరి ఒక మందుల కంపెనీలో రియాక్టరు చెడిపోయి, వాడకం ఆగి, మందుల తయారీకి వాడే, తొందరగా అంటుకునే సాల్వెంటు ఇరవై వేల లీటర్ల ట్యాంకులో సగానికి పైనే నిలిచిపోయింది. ఆ పొద్దున రాడ్డు దించింది బాలరాజు.

బాలరాజు ఇస్తారి ఊరివాడే, వరసకు కొడుకు. కాకా అని పిలిచేవాడు. ఆ కంపెనీలో చేరి రెండు నెలలయింది. రాడ్డును నిలువుగా దించడం, అడుగు తగిలాక ఊపిరి బిగబట్టి ఆపడం, తడి ఆరక ముందే అంకె చదవడం ఇస్తారే నేర్పాడు. యాప్ చూపించిన లీటర్లను బాలరాజు స్టోర్సు ఆఫీసరుకు మెసేజీ పెట్టాడు: 2848. సరుకు అడుగంటిందనుకుని ఆఫీసరు పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు పిలిచాడు. పదకొండు గంటలకు గొట్టం తగిలించారు. ఏడు నిమిషాలకు పైమూతలోంచి సాల్వెంటు పొంగింది. డ్రైవరు వాల్వు కట్టేసి, గొట్టం లాగేసి, బండిని బయటికి నడిపాడు. మూత దగ్గరున్న బాలరాజు దిగేలోపు పక్కన మోటారు దగ్గర నిప్పు లేచింది. మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు.

గేటు దగ్గర వారం తిరక్కుండానే మాట పుట్టింది. యాప్‌లో 2848 రావాలంటే నలభై కొట్టాలి. అంటే వాడు రాడ్డు దించనే లేదు, మెట్లెక్కడానికి బద్ధకించి ఉత్తగా నలభై కొట్టాడు. సెంటీమీటర్లు రాసే రిజిస్టరు మంటల్లో పోయింది. యాప్ ఉన్న ఫోను మిగిలింది గానీ, కొట్టిన అంకెను అది దాచుకోదు. మిగిలింది ఆఫీసరు ఫోనులోని అంకె ఒక్కటే.

పదకొండో రోజు ఇస్తారి వాళ్లింటికి పోయాడు. బాలరాజు భార్య వినోద గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాయి.

"కంపెనీ ఆయన అచ్చిపోయిండు మామ. నీ మొగడే తప్పు జేసిండు, వాని బద్ధకంల వాడే పోయిండన్నడు. పొల్లగాడు గూడ ఇన్నడు. నాయిన దొంగకొలత రాసిండా అమ్మా అని అడుగుతున్నడు."

ఇస్తారి గడప దగ్గర వేసి ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"నేను దవాఖాన్ల పక్కనే ఉన్న మామ. మాట రాకపోయినా నాలుగుసార్లు ఒక్కటే అన్నడు. రాడ్డు దించిన, నూటరవై. నూటరవై అంటే ఏందో నాకెర్క లేదు. నీకెర్కుంటదని సూస్తున్న."

నూట అరవై. సగం దాటింది. పైనుంచి నలభై. నలభైకి 2848. ఇస్తారి కుర్చీలోంచి లేచాడు. షెడ్డులో స్టూలు మీద తను కొట్టిన మూడు అంకెలూ వరుసగా గుర్తొచ్చాయి. మూడో అంకె ఖాళీ. ఖాళీని సరుకని చెప్పే యంత్రానికి తను కరెక్టుంది అన్నాడు.

"ఏంది మామ? గట్ల అయితున్నవేంది?"

"నీ మొగడు తప్పు జేయలే బిడ్డా," అని మాత్రం అన్నాడు. మిగతాది చెప్పకుండానే గడప దిగాడు. చెప్పనందుకు తర్వాత తనను తాను ఎంత తిట్టుకున్నాడో చెప్పలేం.

తిన్నగా హేమచంద్ ఇంటికి పోయాడు. తలుపు తీసిన హేమచంద్ మొహం చూడగానే అతనికి ముందే తెలిసిపోయిందని అర్థమైంది.

"మొన్ననే పట్టుకున్నానండీ. ఒక్క లైను. మొత్తంలోంచి తీసెయ్యాలి, అది లేదు. సరిచేసి తొమ్మిది చోట్లా పంపించేశాను. ఇక ఎక్కడా ప్రమాదం లేదు."

"మరి బాలరాజు?"

హేమచంద్ తలుపు దగ్గరగా వేశాడు. "నేను మీరు రాసిందే రాశానండీ. పైనుంచి చూడు అన్నారు, చూశాను. మీరు తనిఖీ చేసి సరే అన్నారు. ఇప్పుడు నోరు విప్పితే ముందు పోయేది మీరే. ఆ కాగితం మీద నా సంతకం లేదు."

అతను బెదిరించడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

ఇంట్లో సాలమ్మ విన్నది. అన్నం పెట్టింది గానీ తను తినలేదు.

"పోయినోడెట్లనో పోయిండు. నువ్వు జెప్తె లేచొస్తడా?"

"రాడు."

"మరేంది?"

"దించిన రాడ్డు దించలేదంటున్నరే. వానికి నేర్పింది నేను. వాని కొలత సక్కగున్నది. నాదే తప్పు."

"జైల్ల ఏస్తె?"

ఇస్తారి నోట్‌బుక్కు తీసి ముందు పెట్టుకున్నాడు. సాలమ్మ కంచం తీసుకుపోయి, వంటింట్లోనే కూర్చుంది.

ప్రభుత్వం తరఫున విచారణకు వచ్చిన ఆఫీసరు పేరు పద్మలత. కంపెనీ ఆఫీసు గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, యాజమాన్యం తరఫున ఇద్దరు, గోడవారగా హేమచంద్. ఇస్తారి పిలవకుండానే వచ్చాడు. నోట్‌బుక్కు తెచ్చాడు.

"మీరేం చదివారు?" అని అడిగింది ఆమె.

"ఏడు మేడమ్."

యాజమాన్యం మనిషి ఒకడు చిన్నగా నవ్వాడు. ఇస్తారి అతని వైపు చూడలేదు.

"ఆ పొద్దుగాల కొలిచిన ఫోను మీకాడున్నది గద మేడమ్. సీలు ఏసిండ్రు గద, దాంట్ల పాత యాపే ఉంటది. ఒకపాలి నలభై కొట్టుండ్రి."

సీలు వేసిన కవరు విప్పించి, ఆమె తనే కొట్టింది. 2848.

"ఇగ నూటరవై కొట్టుండ్రి."

కొట్టింది. చూసింది. మళ్లీ కొట్టింది. నూట అరవైకీ అదే అంకె.

"అయితే రెండిట్లో ఏదైనా కొట్టి ఉండొచ్చు," అంది ఆమె. "ఉత్తగా నలభై కొట్టాడనే వీళ్ల మాటను ఇది కాదనడం లేదు కదా?"

ఈ ప్రశ్న వస్తుందని ఇస్తారికి తెలుసు. మూడు రోజులుగా దాని మీదే పనిచేశాడు.

"ట్యాంకర్ల పన్నెండు వేలు వచ్చినయి. వాల్వు కట్టేసినంక బండిల ఎంత మిగిలిందో మీ కాగితంల ఉన్నది మేడమ్. ఎనిమిది వేల తొమ్మిది వందలు. అంటే మూడు వేల వంద దిగింది. పొంగింది, కాలింది ఎంతని రాసిండ్రు?"

"రెండు మూడు వందలు."

"తీసేయుండ్రి. ట్యాంకు నిండేదాక పట్టింది ఇరవై ఎనిమిది వందలకెల్లి ఇరవై తొమ్మిది వందల మధ్యల. అంటే పొద్దుగాల ట్యాంకుల అంతనే ఖాళీ ఉండె. ఫోను జెప్పింది ఇరవై ఎనిమిది నలభై ఎనిమిది. మనిషి మెట్లెక్కకుండ, రాడ్డు దించకుండ, ఉత్తగ ఒక అంకె కొడితే, సరిగ్గ ఉన్న ఖాళీ ఎంతనో గంతనే వస్తదా మేడమ్? నూటరవై సూసినోడు కొడితేనే వస్తది. వాడు రాడ్డు దించిండు. సక్కగ సదివిండు."

పద్మలత కాగితం మీద అంకెలు వేసుకుంది. యాజమాన్యం మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె కలం ఆగింది.

"అయితే తప్పు యాప్‌ది. దీన్ని తనిఖీ చేసిందెవరు?"

హేమచంద్ తల దించుకున్నాడు.

"నేను," అన్నాడు ఇస్తారి. "నూటరవై గూడ కొట్టి సూసిన. ఖాళీ అనుకొని సరే అన్న."

"చూసే సరే అన్నారా?"

"చూసే అన్న."

ఆమె అది రాసుకుంది.

నివేదిక వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఆలోపు తొమ్మిది కంపెనీలూ ఇస్తారిని గేటు దగ్గరే ఆపేశాయి. మిగతావాళ్లు పిలవడం మానేశారు. పాత చార్టులన్నీ చెత్తలోకి పోయాయి, కరెక్టువి కూడా. పోలీస్ స్టేషనుకు రెండుసార్లు పోయొచ్చాడు. కేసులో అతని పేరు రెండోది. హేమచంద్ కాలనీలో ఇల్లు ఖాళీ చేసి వేరేచోటికి మారాడని ఎవరో చెప్పారు. షెడ్డులో రేకులు మోసే పని కూడా యాభై దాటినవాడికి ఎవరిస్తారు? మేడ్చల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు.

నివేదిక నకలు వినోదకు పోస్టులో వచ్చింది. ఇంగ్లిషులో ఉంది. ఆమె కబురు పంపితే ఇస్తారి పోయాడు. ఈ రెండు నెలల్లో అతను ఆ ఇంటికి ఒక్కసారే పోయాడు, తన తప్పు తన నోటితో చెప్పడానికి. ఆ రోజు ఆమె విన్నది, లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఈ రోజు గడప దగ్గర కుర్చీ లేదు. ఇస్తారి నిలబడే కాగితాలు పట్టుకున్నాడు. ఆమె పక్కన పదేళ్ల పిల్లవాడు నిలబడ్డాడు.

"వీని నాయిన గురించి ఏం రాసిండ్రో సదువు."

పట్టికల ఇంగ్లిషు తెలిసినంత మాటల ఇంగ్లిషు ఇస్తారికి తెలియదు. వేలు పెట్టి, కూడబలుక్కుని, ఆరో పేజీలో పట్టుకున్నాడు. "బాలరాజు తీసిన కొలత నూట అరవై సెంటీమీటర్లు. ఆ కొలత సరైనది. పనిలో అతని నిర్లక్ష్యం ఏమీ కనబడలేదు."

"మల్ల సదువు."

మళ్లీ చదివాడు. పిల్లవాడు కాగితం వైపు మెడ చాచి, ఆ అక్షరాలు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. ఇస్తారి వేలితో చూపించాడు. వినోద కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత అంది:

"దాని కింద ఏమున్నది?"

"కింద..."

"సదువు మామ. గది గూడ సదువు. పొల్లగాడు ఇనాలె."

ఇస్తారి వేలు కింది వరుస మీదికి జరిగింది. "గణిత పట్టికను యాప్‌లోకి మార్చినప్పుడు సగం పైన వచ్చే విలువ సరుకుకు కాక ఖాళీకి సంబంధించింది. అర్హత లేని ఇస్తారి అనే వ్యక్తి దీన్ని తనిఖీ చేసి, సరిగా ఉందని సంతకం చేశాడు. మరణానికి దారితీసిన కారణాల్లో ఇది మొదటిది."

వినోద చెయ్యి చాచింది. అతను కాగితాలు ఇచ్చాడు. ఆమె మడత పెట్టి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.